ఫ్యాన్ కంటే ముందు పినియన్: స్వర్ణముఖి ఇసుకలో ఆర్‌సీ ట్రక్కు డైరీ

ఏప్రిల్ మొదటి వారం

ఇసుకలో నడిపేటప్పుడు ఆర్‌సీ, అంటే రిమోట్ కంట్రోల్ ట్రక్కు మోటారు కాలిపోకుండా చల్లగా ఉంచడమెలాగో చూడ్డానికే ఈ డైరీ. ముందు బండి వివరాలు రాసి పెట్టుకుంటున్నాను. 1/10 స్కేలు షార్ట్ కోర్స్ (మట్టి దారుల రేసు) ట్రక్కు, నాలుగు చక్రాలూ తిరిగేది, బ్యాటరీతో కలిపి రెండున్నర కిలోల పైమాటే. మోటారు 3650 సైజు, అంటే 36 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవు. బ్రష్‌లెస్ (లోపల రాసుకునే బ్రష్‌లు లేనిది), సెన్సర్ లేనిది, 3300 కేవీ, అంటే లోడు లేనప్పుడు ఒక్కో ఓల్టుకు నిమిషానికి 3300 సార్లు తిరిగేది. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె) 60 ఆంపియర్లది, దాని నెత్తిన ఒక చిన్న ఫ్యాన్. బ్యాటరీ 2ఎస్ లైపో (రెండు లిథియం సెల్స్, 7.4 ఓల్టులు), 5000 ఎంఏహెచ్. పినియన్‌కు (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు) 15 పళ్లు, అది తిప్పే పెద్ద స్పర్ గేరుకు 58. బండి సెకండ్ హ్యాండ్‌ది. అమ్మినాయన కాలిపోయిన పాత మోటారును కూడా డబ్బాలో వేసి ఇచ్చాడు. "దీనికి మన ఎండ పడదు సార్" అన్న సలహా మాత్రం ఉచితం.

మా మేనల్లుడికి విమానం మోడల్ కావాలని ఉండేది. కానీ పక్కనే రేణిగుంట విమానాశ్రయం, పైన తిరుమలలో డ్రోన్లకు నిషేధం. తిరుపతిలో ఉంటూ ఏదైనా గాల్లోకి లేపాలంటే అనుమతులు చూసుకుని, ఊరు దాటి చాలా దూరం పోవాలి. నేలమీద నడిచేదైతే ఆ బాధ లేదు. చంద్రగిరి వైపు స్వర్ణముఖి ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో నీళ్ల కంటే ఇసుకే కనిపిస్తుంది.

చిక్కల్లా ఆ ఇసుకతోనే. తారు రోడ్డు మీద చక్రం దొర్లుతుంది. ఇసుకలో అది తన గుంట తానే తవ్వుకుంటూ, ఎక్కుతూ పోవాలి. బండి వేగం తక్కువ, మోటారు లాగే కరెంటు ఎక్కువ. మోటారుకు ఇంతకంటే చెడ్డ పని ఇంకొకటి లేదు.

అదే వారం, సాయంత్రం

మొదటి పరుగు. ఒకే చుట్టు, ఒకే డ్రైవరు (మేనల్లుడు), 8 నిమిషాలు. ఇకమీదట పరీక్షలన్నీ ఇలాగే చేస్తాం. లేకపోతే ఒక అంకెను ఇంకో అంకెతో పోల్చడానికి ఉండదు.

వాడు ఇన్‌ఫ్రారెడ్ గన్ మోటారు మీద పెట్టి, "52 డిగ్రీలే మామా, బ్రహ్మాండం" అన్నాడు. మోటారు మీద వేలు పెట్టి ఉంచమన్నాను. పెట్టీ పెట్టగానే తీసేశాడు. 52 డిగ్రీల లోహాన్ని కాసేపైనా పట్టుకోగలం, దీన్ని ముట్టుకోలేకపోయాం. ఆ గన్ వస్తువు నుంచి వెలువడే పరారుణ కాంతిని కొలిచి ఉష్ణోగ్రత లెక్కేస్తుంది. మెరిసే అల్యూమినియం తన వేడిని కాంతి రూపంలో సరిగా వదలదు, పైగా చుట్టుపక్కల వాటిని అద్దంలా ప్రతిఫలిస్తుంది. అందుకే అంకె తక్కువ చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క మోటారు మీద అంటించి, అది మోటారుతో సమానంగా వేడెక్కేదాకా ఆగి, దాని మీద గన్ పెడితే 88 వచ్చింది.

రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 94. బండి ఆగి ఉంది, అంకె పెరిగింది. మేనల్లుడు గన్ పాడైందనుకున్నాడు. అసలు వేడి పుట్టేది లోపలి రాగి చుట్లలో. బండి కదులుతున్నంతసేపూ పై డబ్బాకు కొంత గాలి తగులుతుంది. ఆగగానే ఆ గాలి పోతుంది, లోపలి వేడి మాత్రం నింపాదిగా బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే ఆపిన వెంటనే వచ్చే అంకెను పక్కన పెట్టి, ఆ తర్వాత అందే గరిష్ఠాన్నే డైరీలో రాయాలని పెట్టుకున్నాం.

ఇంకో సంగతి. గాలి ఉష్ణోగ్రత ఆ సాయంత్రం 36. అంటే పెరుగుదల 58 డిగ్రీలు. నేను నమ్ముకునే అంకె ఇదే. చలిదేశాల వాళ్ల వీడియోల్లో "మా మోటారు 70 దాటలేదు" అంటుంటారు. వాళ్ల గాలి 12 డిగ్రీలైతే, వాళ్లకూ పెరుగుదల 58 డిగ్రీలే. అదే బండి మే నెల మధ్యాహ్నం తిరుపతిలో తిరిగితే సెంచరీ కొడుతుంది. గాలి ఉష్ణోగ్రత కొలిచేటప్పుడు కూడా థర్మామీటరును నీడపట్టున, బండి ఎత్తులోనే పెట్టాలి. ఇసుకకు జానెడు ఎత్తులో ఉండే గాలి, మన మొహానికి తగిలే గాలి కంటే బాగా వేడిగా ఉంటుంది. మోటారు పీల్చేది ఆ కింది గాలినే.

ఏప్రిల్ మధ్యలో

కాలిన పాత మోటారు పట్టుకుని రేణిగుంట రోడ్డులో ఒక రివైండింగ్ షాపుకు వెళ్లాను. చిత్తూరు వైపు వెయ్యి అడుగుల బోర్లకు కొదవ లేదు, కాలిపోయే సబ్‌మెర్సిబుల్ మోటార్లకూ కొదవ లేదు. మోటార్లు ఎందుకు చస్తాయో వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. షాపు నిండా వార్నిష్ వాసన. అరచేతిలో ఇమిడే మన మోటారును చూసి ఆ అన్న నవ్వాడు. "ఏం సామీ, బొమ్మ మోటారా?" అంటూనే మూడు స్క్రూలు విప్పి రోటర్ (లోపల తిరిగే అయస్కాంత భాగం) బయటికి లాగాడు.

లోపల మూడు ఫేజుల్లో, అంటే మూడు చుట్ల వరసల్లో, ఒకటి బొగ్గులా మాడిపోయి ఉంది. మిగతా రెండింటి తీగల మీది ఎనామెల్ పూత ముదురు గోధుమ రంగుకు తిరిగింది. గోటితో గీరితే పెచ్చులుగా ఊడి వచ్చింది. రోటర్‌ను స్క్రూడ్రైవరు దగ్గరికి తెస్తే అతుక్కుంది గానీ, పట్టులో బలం లేదు. మామూలు గ్రేడు నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీల దాకానే పనికొస్తాయి. 120కి, 150కి తట్టుకునే గ్రేడులూ ఉన్నాయి గానీ, చవక మోటార్లలో ఏది పెట్టారో పైన రాయరు. అయస్కాంతం బలం తగ్గిందంటే ఒక్కో ఆంపియరుకు వచ్చే టార్క్ (తిప్పే బలం) తగ్గుతుంది. అదే పని చేయడానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి, ఆ కరెంటుకు ఇంకా వేడి. రాగి కూడా దీనికి తోడవుతుంది. దాని నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఉన్న చుట్టు 90కి చేరేసరికి నిరోధం దాదాపు 23 శాతం ఎక్కువ. అంటే అదే కరెంటుకు అంత ఎక్కువ వేడి. మోటారు ఒకసారి ఈ సుడిలో పడితే బయటికి రావడం కష్టం.

పెద్ద హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు ముక్క), రెండు ఫ్యాన్లు పెడదామనుకుంటున్నానని చెప్పాను. అన్న చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "బోరు మోటార్లు ఎందుకు కాలతాయనుకుంటాండావు? చల్లదనం చాలక కొన్ని కాలతాయి. బురదలో కూరుకుంటాది, చుట్టూ నీళ్లు కదలవు, ఇంకేముంది. కానీ లోడు ఎక్కువై, ఓల్టేజి తక్కువై కాలేవే చానా. ఫ్యాన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు సామీ. ముందు అది ఎంత కరెంటు లాగతాందో చూడు."

పెద్ద మోటార్లలో చుట్టు వేడిని వాళ్లు నిరోధం కొలిచి లెక్కేస్తారట. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, నడిపాక ఒకసారి. మన మోటారు నిరోధం ఓమ్‌లో నూరో వంతు లెక్కల్లో ఉంటుంది, మామూలు మల్టీమీటరుకు అందదు. కాబట్టి మనకు నల్ల టేపే గతి.

కరెంటుకు మాత్రం సులువైన దారి దొరికింది. పరుగు తర్వాత బ్యాటరీని మళ్లీ నింపేటప్పుడు ఎన్ని ఎంఏహెచ్ ఎక్కించిందో ఛార్జరు చూపిస్తుంది. 8 నిమిషాల పరుగుకు 3300 ఎక్కింది. అంటే సగటున దాదాపు 25 ఆంపియర్లు. 7.4 ఓల్టులతో హెచ్చిస్తే 185 వాట్లు. మోటారు సామర్థ్యం 80 శాతం అనుకున్నా, 37 వాట్లు ఆ చిన్న డబ్బాలో వేడిగా మారుతున్నాయి. మా ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది.

ఏప్రిల్ ఆఖరు

పినియన్ మార్చాం. 15 పళ్లది తీసి 13 పళ్లది. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయింది ఇదే.

లెక్క ఇలా ఉంటుంది. 58ని 15తో భాగిస్తే 3.87, 13తో భాగిస్తే 4.46. చక్రానికి అదే తోపుడు ఇవ్వడానికి మోటారు ఇవ్వాల్సిన టార్క్ 13 శాతం తగ్గుతుంది, కరెంటు కూడా దాదాపు అంతే తగ్గుతుంది. కానీ రాగి చుట్లలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.867ను దానితోనే హెచ్చిస్తే 0.75. రెండే రెండు పళ్లకు రాగిలో పుట్టే వేడి పావు వంతు మాయం. బదులుగా టాప్ స్పీడ్ 13 శాతం పోతుంది. మేనల్లుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఇసుకలో ఆ టాప్ స్పీడ్ ఎన్నడూ అందుకున్నది లేదు. నడిపి చూశాక, "గుంటలోంచి ఎక్కేటప్పుడు ఇప్పుడే బాగుంది మామా" అని వాడే ఒప్పుకున్నాడు.

పళ్లు అమర్చేటప్పుడు రెండు గేర్ల మధ్య నోటుబుక్ కాగితం ముక్క పెట్టి నొక్కి, మోటారు స్క్రూలు బిగించి, గేర్లు తిప్పుతూ కాగితం బయటికి తీశాను. కాగితం మీద పళ్ల ముద్ర పడాలి, చిరగకూడదు. చిరిగిందంటే గేర్లు మరీ బిగుతుగా ఉన్నట్టే. అదీ ఒక లోడే, అదీ వేడే. పినియన్‌ను బిగించే గ్రబ్ స్క్రూ షాఫ్టు మీది చదును భాగం మీదే కూర్చోవాలి, ఒక చుక్క థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేయాలి. ఈఎస్‌సీలో టైమింగ్‌ను (చుట్లకు కరెంటు ఎంత ముందుగా అందాలో చెప్పే సెట్టింగు) కూడా ఒక మెట్టు తగ్గించాను. టైమింగ్ పెంచితే వేగం వస్తుంది, దానితోపాటు కరెంటూ వేడీ వస్తాయి.

గాలి 37, మోటారు గరిష్ఠం 82. పెరుగుదల 58 నుంచి 45కు దిగింది. ఛార్జరు 2900 ఎక్కించింది. ఫ్యాన్ ఇంకా కొననే లేదు.

మే మొదటి వారం

హీట్ సింక్ వచ్చింది. రెక్కలున్న అల్యూమినియం ముక్క, 36 మిల్లీమీటర్ల మోటారుకు క్లిప్పులా పట్టేది. చూడ్డానికి పట్టేసినట్టే ఉంది, కానీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మోటారుకూ దానికీ మధ్య నుంచి వెలుగు కనిపించింది. మూడు నాలుగు చోట్ల తప్ప లోహం లోహాన్ని తాకడం లేదు. మధ్యలో ఉన్నదంతా గాలి, గాలి వేడిని దాదాపు పోనివ్వదు. కంప్యూటర్ రిపేరు షాపులో తెల్ల థర్మల్ పేస్టు ట్యూబు కొని, పల్చగా పూసి మళ్లీ పెట్టాం. పల్చగానే పూయాలి. అది సందులు నింపడానికే, మందంగా పట్టిస్తే అదే అడ్డు. అంచుల్లో బయటికి పొంగిన పేస్టును తుడిచేయాలి, లేకపోతే ఇసుక అక్కడే అంటుకుని గట్టి పడుతుంది.

ఈ డబ్బా హీట్ సింక్ అన్ని మోటార్లకూ ఒకేలా పనిచేయదు. మాది ఇన్‌రన్నర్. రాగి చుట్లున్న స్టేటర్ బయటివైపు డబ్బాకు ఆనుకుని ఉంటుంది, అయస్కాంతం మధ్యలో తిరుగుతుంది. కాబట్టి వేడి నేరుగా డబ్బాకు చేరుతుంది. విమానాల్లో వాడే అవుట్‌రన్నర్‌కు డబ్బాయే తిరుగుతుంది. దానికి క్లిప్పు పెట్టడం కుదరదు, దాని వేడి మౌంటు గుండా, కన్నాల్లోంచి వచ్చే గాలి గుండా పోవాల్సిందే. పాత 540 బ్రష్డ్ మోటార్లలో చుట్లు రోటర్ మీద ఉంటాయి, వాటి వేడి గాలి సందు దాటాకే డబ్బాకు వస్తుంది. వాటికి సింక్ తొడిగితే బయట చల్లగా అనిపిస్తుంది, లోపల మాత్రం బ్రష్‌లు మాడుతూ ఉండొచ్చు.

గాలి 37, గరిష్ఠం 74. పెరుగుదల 37.

మే మధ్యలో

ఫ్యాన్. 40 మిల్లీమీటర్లది, రిసీవరులో (రిమోట్ సంకేతాలు అందుకునే పెట్టె) ఖాళీగా ఉన్న చానల్ నుంచి 6 ఓల్టులు. రెక్కల మీదికి ఊదేలా పెట్టాం. ఫ్యాన్ మధ్యలో బొడ్డు ఉండే చోట గాలి రాదు, అందుకే దాన్ని రెక్కలకు మరీ ఆనించకుండా కొంచెం ఎత్తులో పెడితే ఆ ఖాళీ కూడా నిండుతుంది. బ్రాకెట్టు పాత స్విచ్ బాక్సు ప్లాస్టిక్ కోసి చేశాను. పెరుగుదల 27కు దిగింది.

కానీ ఆ అంకె పై బాడీ తీసేసి నడిపినప్పటిది. బాడీ పెడితే 34. పాలికార్బొనేట్ డొప్ప కింద ఫ్యాన్ ఊదిన వేడి గాలి ఎటూ పోలేక, తిరిగి తిరిగి మళ్లీ ఫ్యాన్‌లోకే వస్తోంది. ఇక్కడ విమానాల వాళ్ల పద్ధతి అరువు తెచ్చుకున్నాను. వాళ్లు ముక్కు దగ్గర గాలి లోపలికి వచ్చే కన్నం కంటే బయటికి పోయే కన్నాన్ని ఒకటిన్నర నుంచి రెండింతలు పెద్దది పెడతారు. చాలామంది ముందు పెద్ద కన్నం కోసి, వెనక మరిచిపోతారు. ముందు అద్దం దగ్గర ఒక సన్నని చీలిక, వెనక కిటికీ మొత్తం ఖాళీ. వంపు కత్తెరతో కోశాం. మూలలు గుండ్రంగా ఉండాలి, పదునుగా వదిలితే పల్టీ కొట్టినప్పుడు అక్కడి నుంచే చీలుతుంది. బాడీ పెట్టినా పెరుగుదల 25 అయింది.

తర్వాత ఇసుక తన పని తాను చేసింది. ఫ్యాన్ కరకరమంటూ కొన్నాళ్లు తిరిగి, బుష్ అరిగి ఆగిపోయింది. కొత్తది బాల్ బేరింగ్ ఉన్నది తెచ్చాం. చీలికకు లోపలి నుంచి దోమల తెర ముక్క అంటించాం. మేనల్లుడు వాళ్లమ్మ పాత చున్నీ గుడ్డ కూడా పెట్టి చూశాడు. ఇసుక ఒక్క రేణువు రాలేదు, గాలి కూడా రాలేదు. దోమల తెరకే ఖాయమయ్యాం. సన్న దుమ్ము ఎలాగూ వస్తుంది, ఇంటికొచ్చాక పెయింట్ బ్రష్‌తో రెక్కల మధ్య దులపాలి. మా మోటారు డబ్బాకు కన్నాలు లేకపోవడం ఈ విషయంలో అదృష్టమే.

పరుగు అయిపోగానే స్విచ్ కట్టేయడం మానేశాం. బండిని నీడలో పెట్టి ఫ్యాన్‌ను ఐదు నిమిషాలు తిరగనిస్తున్నాం. ఆపాక ఎక్కే ఆ చివరి డిగ్రీలు ఇప్పుడు దాదాపు ఎక్కడం లేదు.

మే మూడో వారం

మేనల్లుడి ప్రయోగం: "కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి మామా? మోటారుకు తడిగుడ్డ చుడదాం." నవ్వేసి ఊరుకోదామనుకున్నాను, కానీ లెక్క వేస్తే వాడి మాటలో పస ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరవ్వాలంటే దాదాపు 2400 జౌళ్ల వేడి కావాలి. మోటారు 30 వాట్లు వదులుతుంటే 80 సెకన్లకు ఒక గ్రాము చాలు. 8 నిమిషాలకు ఆరు గ్రాములు, చెంచా కంటే కాస్త ఎక్కువ.

నూలు పట్టీ తడిపి, పిండి, రెక్కల చుట్టూ కట్టాం. పెరుగుదల 18. అన్నిటికంటే తక్కువ. కానీ బాడీ తీసి చూస్తే తడి పట్టీకి ఇసుక పట్టి, రెక్కల మధ్య గట్టి అడుసు. చివర బేరింగ్ దగ్గర కూడా తడి. ఈ మోటారులో చుట్లకు తడితో అంత భయం లేదు గానీ, ఉక్కు బేరింగుకు ఉంది. తారు మీద నడిపే వాళ్లకు ఇది పనికి రావచ్చు, మాకు కాదు. పట్టీ తీసి, పేస్టు తుడిచి, కొత్తగా పూసి సింక్ మళ్లీ బిగించడానికి ఒక సాయంత్రమంతా పోయింది. అయినా ఆలోచన నాకు నచ్చింది. వాడికి చెప్పలేదు.

రోహిణి కార్తె

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అసలు పరీక్షకు ఇంతకంటే మంచి సమయం దొరకదు. మధ్యాహ్నం, కావాలనే. నీడలో గాలి 42, ఇసుక మీద గన్ పెడితే 58. మాకు నిలబడ్డం కష్టమైంది, బండికి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. మోటారు గరిష్ఠం 69, పెరుగుదల 27. మొదట్లో ఉన్న 58 అలాగే ఉండి ఉంటే ఈ మధ్యాహ్నం సరిగ్గా 100 అయ్యేది.

దీన్ని విడదీసి చూసుకుంటే: పినియన్, టైమింగ్ కలిసి 13 డిగ్రీలు దించాయి, పేస్టుతో సింక్ 8 దించింది, ఫ్యాన్, వెనక కిటికీ కలిసి 12 దించాయి. ఖర్చు మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. ఇంకో బండి కడితే నేను ఇదే వరసలో వెళ్తాను.

ఈఎస్‌సీ ఈ ఎండలో 70 దాటింది. ఇకమీదట చూడాల్సింది దాన్నే.

జూన్ మొదట్లో

మేనల్లుడు 3ఎస్ (మూడు సెల్స్, 11.1 ఓల్టుల) బ్యాటరీ అడుగుతున్నాడు. "ఓల్టేజి పెరిగితే కరెంటు తగ్గుతుంది కదా మామా, మోటారు చల్లగా ఉంటుంది." మోటారు అదే ఉంచి 3ఎస్ పెడితే వేగం ఒకటిన్నర రెట్లు అవుతుంది, లోడూ పెరుగుతుంది. దాన్ని గేరుతో సరిచేయాలంటే తొమ్మిది పళ్లకు దిగాలి, అంత చిన్న పినియన్ మా మౌంటులో స్పర్‌కు అందదు. మోటారునూ మార్చాలి. 2200 కేవీ మోటారు 11.1 ఓల్టుల మీద 24,420 ఆర్‌పీఎం, మా 3300 కేవీ 7.4 ఓల్టుల మీద కూడా సరిగ్గా 24,420. వేగం అదే, కరెంటు మూడింట రెండు వంతులు.

ఇంతవరకూ వాడి మాట నిజమే. కానీ అదే 3650 డబ్బాలో 2200 కేవీ కావాలంటే చుట్లు ఎక్కువ, తీగ సన్నం. నిరోధం ఆ మేరకు పెరిగి, రాగిలో పుట్టే వేడి చివరికి ఎక్కడిదక్కడే ఉంటుంది. తగ్గేది ఈఎస్‌సీలో, బ్యాటరీ తీగల్లో, కనెక్టర్లలో. నిరోధం వల్ల అక్కడ పోయే శక్తి సగానికంటే తక్కువకు, 44 శాతానికి దిగుతుంది. మాకు ఇప్పుడు వేడెక్కుతున్నది ఈఎస్‌సీయే కాబట్టి, వాడు తప్పు కారణంతో సరైన వస్తువు అడుగుతున్నాడు.

మా ఈఎస్‌సీ 3ఎస్ తట్టుకుంటుంది, మాన్యువల్‌లో ఉంది. 2200 కేవీ మోటారు, 3ఎస్ బ్యాటరీ కలిపి ధర చూస్తే మాత్రం గుండె గుభేలుమంది. ముందు ఈఎస్‌సీ మీది ఆ చిన్న ఫ్యాన్ మార్చి, దాని వైపు ముందు అద్దం దగ్గరి చీలికను ఇంకో రెండు సెంటీమీటర్లు పొడిగిద్దామని వాడికి చెప్పాను. పినియన్ల డబ్బాలో 12 పళ్లది కూడా ఒకటి ఉంది. వచ్చే ఆదివారం అదీ వేసి చూస్తాం.